మహబూబ్‌నగర్ దాకా వచ్చి ఆగిన రెండో లైను

కాచిగూడ, కర్నూలు మధ్య బండ్లు క్రాసింగుల కోసం ఎక్కడపడితే అక్కడ ఆగిపోతున్నాయన్న గొడవ మళ్లీ రాజుకుంది. కరెంటు లైను వేశారు, వందేభారత్ కూడా ఇచ్చారు, ఇంకా ఏం కావాలి అని ఒక వర్గం అంటోంది. గద్వాల, కర్నూలు జనం అడుగుతున్నది మాత్రం ఒక్కటే, రెండో లైను ఏదని. నిజాం కాలంలో మీటర్ గేజ్ వేసిన సంగతి, తర్వాత దాన్ని బ్రాడ్ గేజ్ చేసిన సంగతి చాలామందికి తెలుసు, అవి వదిలేద్దాం. ఇప్పటి తగువుకు మూలం అంత వెనక లేదు.

ఈ దారిలో ఎప్పుడూ తిరగని వాళ్ల కోసం ముందు ఒక మాట. సింగిల్ లైను మీద రెండు స్టేషన్ల మధ్య ఒకసారికి ఒక్క బండే ఉండాలి. ఎదురుగా ఇంకో బండి వస్తుంటే, రెండిట్లో ఒకటి ఏదో ఒక స్టేషన్లో లూప్ లైన్లోకి, అంటే పక్కన వేసిన పట్టాల మీదికి, వెళ్లి నిలబడాల్సిందే. దీన్నే క్రాసింగ్ అంటారు. కౌకుంట్లో, ఇటిక్యాలో, అలాంటి చిన్న స్టేషన్లో బండి ఆగుతుంది. ఐదు నిమిషాలు ఎవరూ పట్టించుకోరు. పది దాటాక మగవాళ్లు దిగి, తలుపు దగ్గర నిలబడి ఎర్రగా వెలుగుతున్న స్టార్టర్ సిగ్నల్ (బండి కదలడానికి అనుమతిచ్చే సిగ్నల్) వైపు చూస్తుంటారు. లోపల పిల్లలు ఉక్కకు ఏడుస్తుంటారు, ఫోన్లో ఎవరో "ఇంకా గద్వాల రాలేదమ్మా, క్రాసింగట" అని చెప్తుంటారు. పక్క లైన్లో ఎదురు బండి దూసుకుపోతుంది, స్టేషన్ మాస్టర్ పచ్చజెండా ముడిచి లోపలికి వెళ్తాడు, అయినా ఈ సిగ్నల్ పడదు, ఎందుకంటే వెనకాల ఇంకోటి వస్తోంది. ముందు డీజిల్ ఇంజనున్నా కరెంటు ఇంజనున్నా ఈ నిరీక్షణలో తేడా ఏమీ ఉండదు.

సరిగ్గా ఈ సంగతే 2018లో మరిచిపోయారని నా అభిప్రాయం. ఆ ఏడాది సెప్టెంబరులో దేశంలో మిగిలిన బ్రాడ్ గేజ్ లైన్లన్నిటికీ కరెంటు పెట్టాలని కేంద్ర కేబినెట్ తీర్మానించింది, 13,675 కిలోమీటర్లకు పన్నెండు వేల కోట్ల పైచిలుకు. మంచి నిర్ణయమే, డీజిల్ ఖర్చు తగ్గుతుంది, పొగ తగ్గుతుంది. కానీ దాంతో డబ్లింగ్ (రెండో లైను వేయడం), విద్యుదీకరణ విడివిడి పనులైపోయాయి. అప్పటిదాకా ఈ మార్గంలో రెండూ కలిపి ఒకే ప్రాజెక్టుగా నడిచాయి, అదీ మహబూబ్‌నగర్ వరకే. అది దాటాక, కర్నూలు అవతల ఉన్న డోన్ జంక్షన్ దాకా తీగలు మాత్రం పడ్డాయి, లైను ఒంటరిగానే ఉండిపోయింది. కాగితం మీద "విద్యుదీకరణ పూర్తి" అని రాసుకున్నారు, అక్కణ్నుంచి ఈ జనం గోడు వినేవాళ్లు కరువయ్యారు.

కాస్త వెనక్కి వెళ్తే, 2015 ఫిబ్రవరి రైల్వే బడ్జెట్లో అప్పటి రైల్వే మంత్రి సురేశ్ ప్రభు ఒకేసారి 77 ప్రాజెక్టులు, 9,400 కిలోమీటర్ల డబ్లింగ్, మూడో లైను, నాలుగో లైను పనులు విద్యుదీకరణతో కలిపి ప్రకటించారు. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ డబ్లింగ్ కూడా ఆ ఏడాదే, 2015–16లో మంజూరైంది. గీత మహబూబ్‌నగర్ దగ్గరే ఎందుకు గీశారు? షాద్‌నగర్, జడ్చర్ల వైపు హైదరాబాద్ పెరుగుతోంది, రద్దీ అటే ఉంది, ముందు అది చేసి తర్వాత మిగతాది చూద్దామన్నది రైల్వే వాదన. దశలవారీగా చేయడం తప్పని నేనూ అనను.

కానీ మ్యాపు ఒకసారి ముందు పెట్టుకోండి. మహబూబ్‌నగర్‌కి పైన, అంటే నగరం వైపు, షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా వచ్చే దారిలో కొత్తగా కలిసే లైనేదీ లేదు. కలిసేవన్నీ కిందే కలుస్తాయి. రాయచూరు లైను గద్వాలలో వచ్చి కలిసింది 2013లో, అంటే ఈ గీత గీయడానికి రెండేళ్ల ముందే. కర్ణాటక నుంచి వచ్చే మునీరాబాద్–మహబూబ్‌నగర్ లైను 1997–98లోనే మంజూరై ఉంది, అది వచ్చి కలిసేది మహబూబ్‌నగర్‌లో కాదు, దానికి దక్షిణాన ఉన్న దేవరకద్రలో. ఇవన్నీ తెలిసి కూడా, మూడు వైపుల బండ్లు వచ్చి పడే ముక్కను సింగిల్ లైనుగా వదిలేశారు. మూడు కాలవల నీళ్లు ఒక్క తూములోంచి పోవాలంటే ఎలా కుదురుతుంది?

2023లో అన్నీ ఒక్కసారి వచ్చిపడ్డాయి. ఏప్రిల్ 8న ప్రధాని సికింద్రాబాద్ వచ్చి, 85 కిలోమీటర్ల సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ డబ్లింగ్‌ను, దాదాపు 1,410 కోట్ల పనిని, జాతికి అంకితం చేశారు. సెప్టెంబరు 24న కాచిగూడ–యశ్వంతపూర్ వందేభారత్ ఇదే దారిలో మొదలైంది. అక్టోబరు 1న ఆ మునీరాబాద్ లైనులో ముక్కైన జక్లేర్–కృష్ణా లైను ప్రారంభమై, దేవరకద్ర మీదుగా కాచిగూడ–రాయచూరు బండి వచ్చింది. ఒక్కోటీ సంబరమే, కాదనను. కాకపోతే చివరి రెండూ మహబూబ్‌నగర్ దాటాక ఆ ఒక్క లైను మీదే భారం పెంచాయి, వందేభారత్‌కు దారివ్వడానికి లూప్‌లో నిలబడేది రోజూ ఊళ్లకు పోయే మామూలు బండే.

మధ్యలో ఆగస్టు 16న వచ్చిన కబురుకు మాత్రం అంత సందడి జరగలేదు, అసలు ముఖ్యమైనది అదే. వేరే దారిలో ఉన్న ముద్ఖేడ్–మేడ్చల్, మన మహబూబ్‌నగర్–డోన్, ఈ రెండిటి డబ్లింగ్‌కి కలిపి, 417.88 కిలోమీటర్లకు, 5,655 కోట్లతో కేబినెట్ ఆమోదం ఇచ్చింది, ఖర్చంతా కేంద్రానిదే. కాబట్టి రాష్ట్రం తన వాటా డబ్బు ఇవ్వలేదన్న మాట, మిగతా ప్రాజెక్టుల్లో తరచూ వినబడేది, ఇక్కడ చెల్లదు. పైగా కర్నూలు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, స్టేషన్ మాత్రం హైదరాబాద్ డివిజన్ కింద. అడగాల్సింది ఆంధ్రా ఎంపీయా తెలంగాణ ఎంపీయా అనే సందులో ఈ లైను ఇన్నాళ్లూ ఎవరికీ గట్టిగా పట్టలేదు.

మంజూరు ఎనిమిదేళ్లు ఆలస్యమైనందుకు పని కూడా కష్టమైంది. ముందే తీగలు పడ్డ లైను పక్కన రెండో లైను వేయాలంటే, దగ్గరగా పని చేసే ప్రతిసారీ పవర్ బ్లాక్ తీసుకుని 25 వేల వోల్టుల కరెంటు ఆపాలి, స్టేషన్లలో పట్టాలు జరిపితే స్తంభాలూ తీగలూ మళ్లీ సర్దాలి. 2015లోనే రెండూ కలిపి డోన్ దాకా మంజూరు చేసి ఉంటే ఈ రెండో చాకిరీ ఉండేది కాదు. గద్వాలకు ముందు కృష్ణా నది మీద, కర్నూలు దగ్గర తుంగభద్ర మీద రెండో లైనుకు వంతెనలు కావాలి, 2009 అక్టోబరు వరద కర్నూలును ముంచిన తీరు చూసిన వాళ్లకు అక్కడ వంతెన కట్టడమంటే ఏంటో చెప్పక్కర్లేదు. అందుకే పని ఎక్కడ తేలికో అక్కడ ముక్కలు ముక్కలుగా తెరిచి కిలోమీటర్లు లెక్క చూపిస్తే మాకు ఒరిగేదేమీ లేదు. ముందు మహబూబ్‌నగర్–దేవరకద్ర, ఆ వెంటనే కృష్ణ వంతెనతో సహా గద్వాల దాకా తెరవాలి. ఆ ఒక్క ముక్క పూర్తయితే రాయచూరు బండ్లు, కర్నూలు బండ్లు ఒకదానికొకటి అడ్డం రావు, కౌకుంట్ల లూప్‌లో పిల్లలను ఎత్తుకుని సిగ్నల్ కోసం చూసే పని తప్పుతుంది.