బట్ట కత్తిరించే ముందు

చిన్నా, బుజ్జీ,

మొన్న ఫోన్లో "అమ్మమ్మా, ఇన్ని పనులు ఎలా నేర్చుకున్నావ్" అని అడిగారు కదా, అది తీరిగ్గా చెప్పాల్సిన మాట, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

పెళ్లికి ముందు టైపు నేర్చుకున్నాను. మొదట్లో రోజుల తరబడి ఏ, ఎస్, డి, ఎఫ్ వరసే కొట్టించేవారు, అదీ కీబోర్డు వైపు చూడకుండా. నాతో చేరిన ఒకమ్మాయి ఇది పడక రెండు వేళ్లతో గబగబా కొట్టేది, మొదటి నెల్లో నాకంటే తనదే స్పీడు. టైపులో మొదటి మెట్టు లోయర్ పరీక్ష, దానికి నిమిషానికి 30 పదాలు కావాలి, అక్కడికొచ్చేసరికి తన వేళ్లు సాగలేదు. ఒకసారి వేళ్లకి పట్టిన అలవాటు మాన్పించడం చాలా కష్టం రా.

తర్వాత కుట్టుమిషన్. జాకెట్టు కుట్టాలంటే లైనింగు బట్టని ముందు రాత్రే నీళ్లలో నానేసి, ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు కత్తెర పెట్టాలి. ఒక సంక్రాంతికి చేతినిండా పని ఉండి, ఒకావిడ జాకెట్టుకి నానబెట్టకుండానే కోసేశాను. ఒక్క ఉతుక్కే లోపలి లైనింగు ముడుచుకుపోయి పైబట్టంతా ఉబ్బింది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. కొత్త బట్ట కొని కుట్టిచ్చాను.

వరి విత్తనం కూడా అంతే. 100 గింజలు తడి గుడ్డలో చుట్టిపెట్టి, మొలకెత్తినవి 80కి తగ్గితే ఆ విత్తనం నారుమడిలో చల్లకూడదు. తాతయ్య ఏ ఏడూ ఇది మానలేదు.

ఇప్పుడు డబ్బు సంగతి, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. కుట్టుపని మీద కూడబెట్టింది తెలిసినవాళ్లకి ప్రోనోటు మీద, అంటే తిరిగి ఇస్తామని వాళ్లు రాసి సంతకం పెట్టిన కాగితం మీద, అప్పిచ్చాను. నోటు రాసిన రోజు నుంచి 3 ఏళ్లు దాటితే కోర్టులో దావా వేయడానికి ఉండదు. ఆలోపు ఎంతో కొంత కట్టించుకుని, నోటు వెనక ఇంత కట్టామని చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటే అక్కడి నుంచి మళ్లీ 3 ఏళ్లు గడువొస్తుంది. నాకీ సంగతి తెలుసు, కానీ అయినవాళ్లని సంతకం అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడ్డాను. గడువు దాటింది, డబ్బు పోయింది, రాకపోకలూ పోయాయి. రాకపోకలు పోయినందుకే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. రేపు మీరు అప్పు తీసుకునేటప్పుడు కూడా "రెండ్రూపాయల వడ్డీయే" అంటే తేలిగ్గా తీసుకోకండి, అది నెలకి నూటికి 2, అంటే ఏడాదికి 24 రూపాయలు.

బుజ్జీ, దసరా సెలవులకి నీకు లంగా కుడదాం, మిషన్ నువ్వే తొక్కుదువుగాని. కాటన్ బట్ట తెచ్చుకుంటే మాత్రం ఒకరోజు ముందే వచ్చేయండి, రాత్రికి నానబెట్టాలి.

మీ అమ్మమ్మ