ఒకే ప్లేటుకి రెండు బిల్లులు రావు

మా అక్క కూతురు టెన్త్ చదువుతోంది. మొన్న ఫోన్ చేసి "మావయ్యా, 2ఎక్స్ + 3వై = 12 కి సమాంతరంగా (3, 4) బిందువు గుండా పోయే రేఖ సమీకరణం కనుక్కోమన్నారు, వాలు తీసి ఫార్ములాలో వేశా, ఆన్సర్ వచ్చింది, కానీ వాలు సమానమైతే రెండు గీతలు ఎందుకు కలవవో అర్థం కాలేదు" అంది. ఆన్సర్ వచ్చేశాక కూడా ఎందుకు అని అడిగిందని భలే సంతోషం వేసింది నాకు.

వాలు అంటే గీత ఎంత ఏటవాలుగా ఉందో చెప్పే సంఖ్య, దాని సంగతి పుస్తకంలో ఉంది, వదిలేద్దాం. టీ బండి దగ్గరికి పోదాం. టీ 10 రూపాయలు, సమోసా 15. ఎక్స్ టీలు, వై సమోసాలు తీసుకుంటే బిల్లు 10ఎక్స్ + 15వై. 60 రూపాయలకి ఏమొస్తాయి? 6 టీలు, లేదంటే 3 టీలు 2 సమోసాలు, లేదా టీ మానేసి 4 సమోసాలు. గ్రాఫ్ పేపర్ మీద ఈ చుక్కలు పెడితే అన్నీ ఒకే గీత మీద పడతాయి, ఆ గీత 10ఎక్స్ + 15వై = 60, మొత్తాన్ని 5 తో భాగిస్తే పాప లెక్కలోని 2ఎక్స్ + 3వై = 12 అదే. అర టీ, పావు సమోసా కూడా అమ్ముతాడనుకుంటే చుక్కల మధ్య ఖాళీలు కూడా నిండిపోతాయి.

ఇప్పుడు జేబులో 90 ఉన్నాయి. రేట్లు అవే, బిల్లు మారింది, ఇంకో గీత వచ్చింది. ఈ రెండు గీతలూ ఎక్కడైనా కలిస్తే అక్కడున్న ప్లేటుకి 60 బిల్లూ రావాలి, 90 బిల్లూ రావాలి. అవే రేట్లతో ఒక ప్లేటుకి రెండు బిల్లులు ఎలా వస్తాయి? రావు కాబట్టే కలవవు! టెన్త్ పుస్తకంలో అసంగత సమీకరణాలు అంటారే, అవి ఇవే. వాలు కూడా ఇందులోనే ఉంది, 3 టీలు వదులుకుంటే 2 సమోసాలొస్తాయి, అంటే మైనస్ 2/3, జేబులో 60 ఉన్నా 600 ఉన్నా అది మారదు.

అందుకే సమాంతర రేఖ కావాలంటే ఎడమవైపు ముట్టుకోవద్దు, ఇచ్చిన బిందువుకి బిల్లు వేయండి చాలు. 5 తో భాగించాక టీ 2, సమోసా 3 కదా, (3, 4) కి 6 + 12 = 18, కాబట్టి 2ఎక్స్ + 3వై = 18, అయిపోయింది. (−1, 5) ఇచ్చినా అంతే, మైనస్ ఒక టీ అంటే ఒక టీ వెనక్కిచ్చి డబ్బు తీసుకోవడం, బిల్లు 13. ఒక ప్లేటుకి ఒకే బిల్లు కాబట్టి ఒక బిందువు గుండా అలాంటి గీత ఒక్కటే పోతుంది. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ ఐదో స్వీకృతాన్ని (నిరూపణ లేకుండా ఒప్పుకునే మాటని స్వీకృతం అంటారు) 1795లో ప్లేఫెయిర్ చెప్పిన రూపం ఇదే కదా, దాన్ని మిగతా స్వీకృతాల నుంచి నిరూపించాలని రెండు వేల ఏళ్ళు తంటాలు పడ్డారు, చివరికి 1829 నుంచి 1832 లోపు లొబచేవ్‌స్కీ, బోయాయ్ అనే ఇద్దరు గణితవేత్తలు అది లేకుండా కూడా జ్యామితి కట్టొచ్చని చూపించారు. మన గ్రాఫ్ పేపర్ మాత్రం దాన్ని ఒప్పుకునే మొదలవుతుంది.

ఇదేదీ చెప్పకుండా పిల్లల చేత వాలు ఫార్ములా బట్టీ పట్టించడం నాకు అస్సలు నచ్చదు. ఎక్స్ = 3 లాంటి నిలువు గీత వచ్చిందా, దానికి వాలు నిర్వచితం కాదు, ఫార్ములా ఆగిపోతుంది, పిల్లలు బెదిరిపోతారు. బిల్లు ఆగదు. సమోసాలు ఊరికే ఇస్తున్నాడనుకోండి, ఎన్ని తిన్నా టీలకే డబ్బు, (5, 7) గుండా పోయేది ఎక్స్ = 5.

ఇక మన రెండు గీతల మధ్య దూరం. వై అక్షాన్ని 4 దగ్గర, 6 దగ్గర కోస్తాయి కాబట్టి దూరం 2 అని చాలామంది రాసేస్తారు, తప్పు. మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లని పట్టాలకి లంబంగానే కొలుస్తారు, ఏటవాలుగా కొలిస్తే ఎక్కువొస్తుంది. లంబంగా పోవడమంటే బిల్లు అన్నిటికన్నా వేగంగా పెరిగే దిక్కులో పోవడం, అంటే 2 టీలకి 3 సమోసాల చొప్పున. అలా ఒక అడుగు వేస్తే బిల్లు 4 + 9 = 13 పెరుగుతుంది, ఆ అడుగు పొడవు √13, అంటే ఒక యూనిట్ నడిస్తే √13 పెరుగుతుందన్నమాట. మనకి 12 నుంచి 18 కి 6 పెరగాలి, 6/√13, సుమారు 1.66.

మర్నాడు పాప యూనిట్‌కి సెంటీమీటరు చొప్పున రెండు గీతలూ గీసి, స్కేలు లంబంగా పెట్టి ఫోటో పంపింది. 1.7 కి కొంచెం తక్కువ.