బాకా వయసు ఎంత?

తెనాలి,
దసరా వెళ్లిన మూడో రోజు.

చిన్నూ, అమ్ములూ,

ఆయుధపూజలో ముత్తాత యుఫోనియం, అదే బ్యాండులో వాయించే ఆ పెద్ద ఇత్తడి బాకా, పెట్టి, కుంకుమ బొట్లు పెట్టిన ఫోటో చూశాను. చాలా సంతోషమేసింది. కింద చిన్నూ అడిగాడు కదా, "తాతయ్యా, ఈ బాకా నీకంటే పెద్దదా?" అని. ఫోన్లో ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ అది ఎలా తెలుస్తుందో మీకూ తెలియాలని రాస్తున్నాను.

ముందుగా, నల్లగా ఉంది కాబట్టి పాతది అనుకోకండి. తోమకపోతే ఇత్తడి చెంబు వారానికే నల్లబడుతుంది. ఆకారం చూసీ చెప్పలేం. మీరట్‌లో జలీ కోఠీ అనే పేటలో ఇప్పటికీ బ్యాండు వాయిద్యాలు ఆ పాత ఆకారాల్లోనే చేస్తున్నారు. మనం చదవాల్సింది అక్షరాలు.

మీ ఇంట్లో నానమ్మ ఇత్తడి బిందె ఉంది కదా, దాని మెడ దగ్గర తడిమి చూడండి. చుక్కలు చుక్కలుగా నానమ్మ పేరు, పుట్టింటి ఇంటిపేరు, వాళ్ల ఊరు తగులుతాయి. ఇక్కడున్న గంగాళం మీద కూడా నానమ్మ పేరే, కానీ మన ఇంటిపేరుతో ఉంది. మా పెళ్లి 1974లో. ఇప్పుడు తారీఖు లేకపోయినా ఏది ముందుదో, ఏది తర్వాతదో చెప్పగలరు కదా!

బాకా కూడా బిందె లాంటిదే. దాని వెడల్పాటి నోటి మీద "బూసీ అండ్ కో, 295 రీజెంట్ స్ట్రీట్, లండన్" అని ఉంది. ఆ కంపెనీ రీజెంట్ స్ట్రీట్‌కి మారింది 1874లో. అందుకని మన బాకా అంతకుముందుది కాదు. 1930లో వాళ్లు హాక్స్ అండ్ సన్ అనే ఇంకో వాయిద్యాల కంపెనీతో కలిసి, బూసీ అండ్ హాక్స్ అయ్యారు. పెళ్లయి ఇంటిపేరు మారినట్టే. మన బాకా మీద ఉన్నది పుట్టింటి పేరే. ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అనుకున్నా, నేను పుట్టింది 1951లో. అవును చిన్నూ, ఇది నాకంటే పెద్దదే.

బిందెతోనే ఇంకో మాట చెప్తాను. పాత బిందెలు శేర్ల లెక్కన, కొత్తవి లీటర్ల లెక్కన చేసినట్టు, ఈ బాకా కూడా పాత కొలత ప్రకారం చేసింది. ఇంగ్లండు బ్యాండుల్లో అప్పుడు శ్రుతి ఎక్కువ. ఇవాళ సెకనుకు 440 కంపనాలని లెక్కపెట్టే స్వరం వాళ్లకి 452 దాకా ఉండేది. 1960ల నడిమి దాకా అలాగే నడిచింది. శ్రుతి దించడానికి మా నాన్న ఎంత గొట్టం బయటికి లాగినా హార్మోనియంతో కలిసేది కాదు. పెళ్లివాళ్లు విసుక్కునేవాళ్లు. పాపం, తప్పు ఆయనది కాదు.

ఇక బాకా మీద కంపెనీ కొట్టిన నంబరు కనబడలేదన్నారు. దానికి కారణం నేనే. 1961 దసరాకి నాకు పదేళ్లు. పూజకి బాకా మెరిసిపోవాలని చింతపండుతో, ఇటుకపొడితో పొద్దున్నుంచీ తోమాను. చింతపండు మకిలిని తింటుంది, ఇటుకపొడి ఇత్తడినే తింటుంది. నాన్న వచ్చి, వాయించేటప్పుడు వేళ్లతో నొక్కే పిస్టన్ల గొట్టాల మీద, ఆ నంబరు ఉండే చోట, వేలు పెట్టి తడిమారు. తిట్టలేదు. "దీని నుదుటి రాత చెరిపేశావురా" అన్నారు, అంతే. ఆ మాట ఇన్నేళ్లయినా మర్చిపోలేదు. అందుకే చెప్తున్నాను, పాత వస్తువుని మెరిపించే ముందు దాని మీద ఏముందో చదవండి.

ఆ నంబరు ఎందుకంటే, బూసీ కంపెనీ తయారుచేసిన వాయిద్యాలను నంబరు ప్రకారం పుస్తకాల్లో రాసుకుంది. ఆ పుస్తకాలు ఇప్పుడు లండన్‌లో హార్నిమన్ మ్యూజియంలో ఉన్నాయి. మీ ముత్తాత చేతికి రాకముందే మన బాకా గురించి ఎవరో సిరాతో ఒక వరుస రాసి పెట్టారు. తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. రాత్రి లైట్లు ఆపి, మూడు పిస్టన్లలో నడిమిదాని గొట్టం మీద టార్చి పక్కవాటుగా పట్టుకోండి. నీడలో గుంటలు తేలుతాయి. అక్కడ పల్చటి కాగితం చుట్టి, పెన్సిల్ పడుకోబెట్టి మెల్లగా రుద్దండి. గట్టిగా నొక్కకండి. చివరి అంకెలు పోయినా ఫరవాలేదు, మొదటి అంకెలే ఏ కాలమో చెప్తాయి. ఎన్ని అంకెల చోటు ఉందో కూడా లెక్కపెట్టండి.

ఆ కాగితం మడత పెట్టకుండా, అట్ట మధ్యలో పెట్టి పోస్టులో పంపండి.

మీ తాతయ్య