రిసార్టు గోల్ఫ్ కోర్సు పేరుకు తగ్గట్టు ఉంటుందా? అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే దేవనహళ్లి, నంది కొండల వైపున్న రిసార్టు కోర్సులకు మూడు గంటల ప్రయాణం. కర్నూలు, కడప నుంచి కూడా శని, ఆదివారాల్లో వెళ్లేవాళ్లున్నారు. గదికీ ఆటకూ కలిపి వేలకు వేలు కట్టాక "ఇంత డబ్బుకు ఇది తగినదేనా?" అని అడుగుతుంటారు. గడ్డి పెంచి, కోసి, ఏడాది పొడవునా నిలబెట్టే పని మాది కాబట్టి ఆ వైపు నుంచే చెబుతాం.

ముందొక లెక్క. 18 హోల్స్ కోర్సు నూరెకరాలు దాటుతుంది. అందులో ఒక్కో గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగా కోసిన గడ్డి) సుమారు 500 చదరపు మీటర్లు, మన కొలతలో పన్నెండు సెంట్లు. పద్దెనిమిదీ కలిపినా రెండుంపావు ఎకరాలు కావు. పార్ 72లో, అంటే కోర్సంతా ఆడటానికి లెక్కగట్టిన 72 దెబ్బల్లో, హోల్‌కు రెండు పట్ల (బంతిని దొర్లించే దెబ్బలు) చొప్పున 36 అక్కడే ఆడతాం. అంటే సగం ఆట ఆ రెండుంపావు ఎకరాల్లోనే జరుగుతుంది. మిగతా భూమి, చెరువు, క్లబ్‌హౌస్, కొండ కనిపించే గది, వీటన్నిటికీ మీరు డబ్బు కడుతున్నారు. అందులో తప్పేమీ లేదు, కానీ వాటిని చూసి ఆటను అంచనా వేయకూడదు.

అపోహ: కోర్సు ఎంత పచ్చగా ఉంటే అంత బాగున్నట్టు.

మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టే మాట ఇదే. ముదురు పచ్చరంగు తెచ్చేది నీళ్లూ యూరియా. రెండూ ఎక్కువైతే గడ్డి పైపైన ఏపుగా పెరుగుతుంది, వేరు లోతుకు దిగదు. ఎండిన కాడలు, చచ్చిన వేళ్లు మట్టిపైన పరుపులా పేరుకుంటాయి. దాన్ని మేం థాచ్ అంటాం. అది అరంగుళం దాటితే బంతి పడ్డచోట గుంట దిగుతుంది, నడిస్తే పాదం మెత్తగా కుంగుతుంది, కోత యంత్రం చక్రం గీతలు పడతాయి. బాగున్న గ్రీన్ లేత పచ్చగా, కాస్త వాడినట్టు కనిపించినా గట్టిగా ఉంటుంది.

ఇది తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. ఏదైనా హోల్ దగ్గర వంగి లోపలికి చూడండి. హోల్ వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. లోపలి కప్పు పైఅంచు నేలమట్టం కంటే కనీసం అంగుళం కిందికి ఉండాలని నియమం. ఆ అంగుళం మేర మట్టి కోత కళ్లకు కనిపిస్తుంది. పైన గడ్డి, కిందంతా ఇసుక, మధ్యలో తెల్లటి వేళ్లు కనిపిస్తే పని సరిగ్గా జరుగుతున్నట్టే. గోధుమరంగులో తడి స్పాంజిలాంటి పొర మందంగా ఉంటే నీళ్లు ఎక్కువవుతున్నాయి. నల్లటి పొర ఉండి కుళ్లిన గుడ్ల వాసన వస్తే లోపల గాలి ఆడడం లేదు. అలాంటి గ్రీన్ పైకి ఎంత అందంగా ఉన్నా ఒక జడివానకు, ఆ వెంటనే కాసే ఎండకు పాచెస్‌గా పోతుంది.

అదే హోల్ అంచును ఇంకాస్త పరిశీలించండి. ఒకవైపు నున్నగా, మరోవైపు చీలి చింపిరిగా ఉంటుంది. చింపిరిగా ఉన్న వైపుకు గడ్డి వాలి ఉన్నట్టు. బంతి ఆ వాలుతో వెళితే వేగం, ఎదురు వెళితే నెమ్మది. మన ప్రాంతపు గ్రీన్ల మీద పట్ కొట్టేవాళ్లకు ఇది చాలా పనికొస్తుంది.

అపోహ: ఖరీదైన కోర్సు అయితే గ్రీన్లు వేగంగా ఉంటాయి.

గ్రీన్ వేగాన్ని కొలిచే స్టింప్‌మీటర్ ఒక 36 అంగుళాల గాడి కడ్డీ. 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ తయారుచేసిన దాన్ని సవరించి, 1978 నుంచి అమెరికా గోల్ఫ్ సంఘం కోర్సులకు ఇస్తోంది. చదునైన చోట కడ్డీని మెల్లగా ఎత్తి మూడు బంతులు వదలాలి, తర్వాత ఎదురు దిశలో మూడు. మూడు బంతులూ ఒకదానికొకటి ఎనిమిది అంగుళాల లోపు ఆగాలి. రెండు దిశల్లో బంతి దొర్లిన దూరాల సగటే వేగం, అడుగుల్లో చెబుతారు. మామూలు ఆటగాళ్లకు 8 నుంచి 10 అడుగులు చాలు. అసలు చూడాల్సింది పద్దెనిమిది గ్రీన్లూ ఒకేలా ఉన్నాయా అన్నది. మొదటి గ్రీన్ 9, ఏడోది 7 ఉంటే రోజంతా చెయ్యి కుదరదు. ప్రాక్టీసు గ్రీన్‌ను మాత్రం నున్నగా ఉంచి మిగతావి వదిలేసిన చోట్లు ఉన్నాయి, దాన్ని చూసి మోసపోకండి.

పేరున్న కోర్సులనూ ఇలాగే చూడాలి. కాలిఫోర్నియాలో పెబుల్ బీచ్ 1919లో మొదలైంది. యూఎస్ ఓపెన్ టోర్నీ అక్కడ 1972 నుంచి 2019 వరకు ఆరుసార్లు జరిగింది. రౌండుకు 600 డాలర్లకు పైనే తీసుకుంటారు. గ్రీన్లు మాత్రం చిన్నవి, సగటున 3,500 చదరపు అడుగులు, అంటే ఎనిమిది సెంట్లు. వాటిలోని పోవా గడ్డి వెన్ను వేసే కాలంలో మధ్యాహ్నానికి ఉపరితలం గరుకెక్కి బంతి చిన్నగా ఎగురుతుంది. అక్కడ కట్టే డబ్బు సముద్రం అంచుకూ, చరిత్రకూ. సముద్రం పక్కనున్న ఏడో హోల్ చూసినవాళ్లు ఆ డబ్బు దండగ అనరు, మేమూ అనం. అటు స్కాట్లాండులో సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్ ఊరి ఉమ్మడి నేల. ఆదివారం ఆట ఉండదు, లాటరీలో పేరొస్తే రిసార్టులో దిగనివాళ్లూ ఆడొచ్చు. గొప్ప కోర్సు అంటే గొప్ప హోటల్ ఉండాల్సిన పనిలేదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అపోహ: విదేశీ గడ్డి కాబట్టే అంత రేటు.

ఎక్కువ కోర్సుల్లో ఉండేది బెర్ముడా. అంటే మన గరిక. వినాయకుడికి పెట్టేదే, చెనిక్కాయ చేలో కలుపుగా పీకేదే. ఫెయిర్‌వేలకు (గ్రీన్ దాకా సాగే గడ్డి దారులు) టిఫ్‌వే 419, గ్రీన్లకు టిఫ్‌డ్వార్ఫ్, టిఫ్‌ఈగిల్ అనేవి గరిక జాతుల సంకరాలు. ఖర్చంతా కోతలోనూ కింద ఇసుకలోనూ ఉంటుంది. గ్రీన్ మీద 3 నుంచి 4 మిల్లీమీటర్ల ఎత్తులో రోజూ కోయాలి. అందుకు కత్తెరలా కోసే రీల్ మోవర్ కావాలి. బ్లేడు పదును తగ్గితే ఆకు తెగదు, చిరుగుతుంది, మర్నాటికి కొసలు తెల్లబడతాయి. ఉదయం గ్రీన్‌ను వంగి పక్కనుంచి చూస్తే ఆ తెలుపు తెలిసిపోతుంది.

కింద 30 సెంటీమీటర్ల ఇసుక, దాని కింద 10 సెంటీమీటర్ల కంకర, దాని కింద గొట్టాలు. ఒక్క గ్రీన్‌కు 150 ఘనమీటర్ల ఇసుక, అంటే దాదాపు 53 యూనిట్లు. అందులో కనీసం 60 శాతం రేణువులు పావు నుంచి ఒక మిల్లీమీటరు మధ్య ఉండాలి, బంకమట్టి 3 శాతం దాటకూడదు. పెన్న ఇసుకనైనా జల్లించి కడగకుండా పోస్తే ఒండ్రు అడుక్కి దిగి గట్టిపడుతుంది. ఇసుకకూ కంకరకూ మధ్య గుడ్డ పరిచినా అది పూడుకుపోయి నీళ్లు ఆగుతాయి. కర్నూలు నల్లరేగడిలో ఈ పొరలు లేకుండా పైపైన గ్రీన్ వేస్తే వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారి ఉపరితలం అలలు తిరుగుతుంది.

అపోహ: మన సీమ ఎండకు గోల్ఫ్ గడ్డి బతకదు.

ఎండ గరికకు ఇష్టమే. పగలు 27 నుంచి 35 డిగ్రీలుంటే బాగా పెరుగుతుంది, నీళ్లుంటే 40 దాటినా తట్టుకుంటుంది. దాన్ని చంపేది నీడ. చెట్ల కింద పెట్టిన గ్రీన్లు ఎంత డబ్బు పోసినా పలచబడతాయి.

కష్టమంతా నీళ్లతోనే. వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్లు పెట్టాలంటే ఎకరాకు 20 వేల లీటర్లు. తడిపే భూమి 80 ఎకరాలైతే రోజుకు 16 లక్షల లీటర్లు, పదివేల లీటర్ల ట్యాంకర్లు నూట అరవై. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే అనంతపురంలో ఆ నీళ్లు బోర్ల నుంచి తోడాలనుకోవడం పక్క రైతు చేనును ఎండబెట్టడమే. ఊరి మురుగునీటిని శుద్ధి చేసి వాడే కోర్సుకు మాత్రమే మా ఓటు. అందులో నత్రజని, భాస్వరం ఉంటాయి కాబట్టి ఎరువు కూడా తగ్గుతుంది. కట్టే డబ్బులో నీటి వాటా ఎంతో అడిగి తెలుసుకోండి, నీళ్లు ఎక్కడివో కూడా అడగండి.

ఉప్పు ఇంకో సమస్య. లీటరుకు ఒక గ్రాము లవణాలున్న బోరు నీటిని రోజుకు 5 మిల్లీమీటర్లు పెడితే ఒక గ్రీన్‌లో రెండున్నర కిలోల ఉప్పు చేరుతుంది, నెలకు 75 కిలోలు. కొసలు మాడి, నేలపైన తెల్లటి పొర లేస్తుంది. చౌడు చూసినవాళ్లకు కొత్త కాదు. జిప్సం వేసి, అప్పుడప్పుడు నిండుగా నీళ్లు పెట్టి ఉప్పును గొట్టాల్లోకి దించాలి. కింద డ్రైనేజీ లేకపోతే జిప్సం కూడా దండగే. సీషోర్ పాస్పాలం గడ్డి ఉప్పును బెర్ముడా కంటే బాగా ఓర్చుకుంటుంది, కానీ దానికీ ఈ కడుగుడు తప్పదు.

అపోహ: "ఛాంపియన్‌షిప్ కోర్సు" అంటే ఏదో గుర్తింపు.

ఆ మాటకు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ లేదు. స్లోప్ రేటింగ్ అడగండి. 55 నుంచి 155 దాకా ఉంటుంది, 113 ప్రామాణికం. అదీ కష్టాన్నే చెబుతుంది, నాణ్యతను కాదు. డ్రైవర్‌తో (దూరానికి కొట్టే కర్ర) 200 గజాలు కొట్టేవాళ్లు కోర్సు మొత్తం పొడవు 5,200 - 5,400 గజాలు వచ్చే టీల (ప్రతి హోల్‌కూ మొదటి దెబ్బ కొట్టే చోట్లు) నుంచి ఆడితే చాలు. 7,000 గజాల టీలకు వెళ్లి ఐదున్నర గంటలు తిరిగి కోర్సును తిట్టడం న్యాయం కాదు. జట్టుకూ జట్టుకూ మధ్య పది నిమిషాల ఎడం ఇస్తున్నారా అన్నది మాత్రం కోర్సు వాళ్లే జవాబు చెప్పాలి. ఏడెనిమిది నిమిషాలకు ఒక జట్టును వదిలితే ప్రతి పార్ 3 (మూడు దెబ్బల పొట్టి హోల్) దగ్గరా నిలబడాల్సిందే.

అపోహ: గ్రీన్ మీద రంధ్రాలు, ఇసుక కనిపిస్తే నిర్వహణ బాగాలేనట్టు.

పూర్తిగా తలకిందులు. అరంగుళం వెడల్పు బోలు ముళ్లతో మూడంగుళాల లోతుకు గుచ్చి, మట్టి గుళికలు ఏరేసి, ఆ రంధ్రాలను పొడి ఇసుకతో నింపడం గ్రీన్‌కు ప్రాణం పోసే పని. ఇది చేయని కోర్సు రెండు మూడేళ్లలో మెత్తబడిపోతుంది. పూడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. తప్పు ఎక్కడుందంటే, ఆ వారాల్లో కూడా చెప్పకుండా పూర్తి రేటు తీసుకోవడంలో. బయల్దేరే ముందు ఫోన్ చేసి మూడు అడగండి: గ్రీన్లకు చివరిసారి ఎప్పుడు రంధ్రాలు వేశారు, మళ్లీ ఎప్పుడు వేస్తారు, రేటులో కార్టు, కేడీ (కర్రల సంచి మోసే మనిషి), జీఎస్టీ ఉన్నాయా. మొదటి ప్రశ్నకు తేదీ చెప్పలేక రిసెప్షన్ తడబడితే ఫోన్ గ్రౌండ్స్ సిబ్బందికి ఇవ్వమనండి. ఆ పని చేసినవాళ్లు తేదీ మర్చిపోరు.