ప్రొఖోరోవ్కా లెక్క

చి. మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

ప్రపంచంలో అతి పెద్ద ట్యాంకుల యుద్ధం ఏదని అడిగారు. అందరి నోటా వచ్చే పేరు ప్రొఖోరోవ్కా. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 జూలై 12న, రష్యాలో కుర్స్క్ నగరానికి దక్షిణాన, ఒక రైల్వే స్టేషన్ దగ్గర జరిగింది. ఒకే మైదానంలో 1,500 ట్యాంకులు ఢీకొన్నాయనీ, జర్మన్ల టైగర్ ట్యాంకులు కుప్పలుగా కాలిపోయాయనీ చాలాచోట్ల చదువుతారు. ఆ లెక్క నమ్మకండి.

ముందు మ్యాపు తీయండి. అప్పట్లో కుర్స్క్ చుట్టూ రష్యన్ల చేతిలో ఉన్న నేల జర్మన్ల వైపు బొడిపెలా పొడుచుకొచ్చి ఉండేది. ఉత్తరాన ఒర్యోల్ నుంచి, దక్షిణాన బెల్గొరోద్ నుంచి వచ్చి దాన్ని మొదలంటా కోసేయాలని హిట్లర్ ఎత్తు. రష్యన్ల సేనాపతి జుకోవ్ ఏప్రిల్‌లోనే పసిగట్టాడు. ముందు వాళ్లనే రానిచ్చి, మందుపాతరల మీదా కందకాల దగ్గరా అరగదీసి, ఆ తర్వాత మనం కదులుదామన్నాడు. జూలై 5న దాడి మొదలైంది. ఉత్తరాన మోడల్ అనే జర్మన్ సేనాపతి సేన ఎంతో దూరం పోలేకపోయింది. దక్షిణాన మరో జర్మన్ సేనాపతి హోత్ ట్యాంకులు మాత్రం వారానికి ప్రొఖోరోవ్కా వాకిట్లోకి వచ్చేశాయి. వాటిని ఆపడానికి రష్యన్ సేనాపతి రోత్మిస్త్రోవ్ తన ఐదో గార్డ్స్ ట్యాంకు సేనతో 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చాడు.

ఇప్పుడు ఒక కీరదోసకాయ తెచ్చుకోండి. అడ్డంగా కోస్తే చిన్న బిళ్ల వస్తుంది. కత్తి బాగా ఏటవాలుగా పెట్టి కోస్తే పొడవాటి ముక్క వస్తుంది. కాయ అదే, కత్తి నడిచే దారి పెరిగింది. రష్యన్ల టీ-34 ట్యాంకు కిటుకు ఇదే. ముందు రేకు మందం 45 మిల్లీమీటర్లే, కానీ నిలువు నుంచి 60 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. ఎదురుగా వచ్చే గుండుకు అది 90 మిల్లీమీటర్ల దారి. 1941లో ఈ కిటుకు జర్మన్లకు చెమటలు పట్టించింది. 1943 నాటికి చాలలేదు. టైగర్ 88 మిల్లీమీటర్ల ఫిరంగి కిలోమీటరు పైనుంచే దాన్ని చీల్చేది. టీ-34 గుండు మాత్రం టైగర్ ముందున్న 100 మిల్లీమీటర్ల ఉక్కుకు తగిలి జారిపోయేది. పక్కనుంచి, అదీ దగ్గరికెళ్లి కొడితేనే పని జరిగేది. అందుకే పూర్తి వేగంతో దూసుకెళ్లి శత్రువులో కలిసిపొమ్మని రోత్మిస్త్రోవ్ ఆజ్ఞ.

నిజానికి ఆ రోజు అక్కడున్న టైగర్లు కొద్దే. ఎక్కువ భాగం పాంజర్-4, పాంజర్-3 రకాలు. కొత్తగా దించిన పాంథర్ ట్యాంకులు ఇంకా పడమరన ఉన్నాయి. వాటి ఇంజన్లకు నిప్పంటుకునే జబ్బు వేరే ఉంది. అయితే పొడవాటి గొట్టం ఉన్న పాంజర్-4 కూడా దూరం నుంచే టీ-34ను పడగొట్టగలదు.

ఇంకో చిక్కు మనుషుల సంఖ్యలో ఉంది. టీ-34 టరెట్‌లో, అంటే ఫిరంగితో పాటు తిరిగే పై గదిలో, ఇద్దరే. గుండు పెట్టేవాడు ఒకడు. గురి చూసి పేల్చేదీ, చుట్టూ చూసి ఆజ్ఞలిచ్చేదీ కమాండరే. జర్మన్ ట్యాంకుల టరెట్‌లో ముగ్గురు, కాబట్టి కమాండర్ కళ్లు బయటే ఉండేవి.

ఉదయం ఎనిమిదిన్నరకు రేడియోలో "స్టాల్, స్టాల్" అని వినిపించింది. ఉక్కు అని అర్థం. వందల ట్యాంకులు వాలు మీద దుమ్ములో కదిలాయి. మధ్యలో ఒక కందకం ఉంది, ట్యాంకులను ఆపే కందకం. తవ్వింది రష్యన్లే, తమ రక్షణ కోసం! దుమ్ములో, ఆ వేగంలో డ్రైవర్లకు అది చివరి క్షణంలో కనిపించింది. కొన్ని అందులో బోర్లాపడ్డాయి. మిగతావి దాటే చోటు కోసం పక్కకు తిరిగి ఒక్కచోట గుమిగూడాయి. పక్కకు తిరగడమంటే పలుచని వైపు చూపించడమే.

సాయంత్రానికి రష్యన్ల ట్యాంకులు మూడొందలకు పైగా దెబ్బతిన్నాయి. జర్మన్లకు పూర్తిగా పోయినవి చాలా తక్కువ. దెబ్బతిన్నదీ పోయినదీ ఒకటి కాదు, ఇది గుర్తుపెట్టుకోండి. చక్రాల చుట్టూ తిరిగే పట్టా తెగితే వెనక్కి లాక్కెళ్లి మళ్లీ అతికిస్తారు. 57 టన్నుల టైగర్‌ను లాగాలంటే 18 టన్నుల లాగుడు బండ్లు మూడు కావాలి. అయినా మైదానం చేతిలో ఉన్నంతవరకే ఆ పని.

మరి గెలిచిందెవరు? ఆ మైదానంలో జర్మన్లదే పైచేయి. కానీ అదే జూలై 12న రష్యన్లు ఉత్తరాన ఒర్యోల్ మీద ఎదురుదాడికి దిగారు. 10న మిత్రరాజ్యాల సేనలు సిసిలీలో దిగాయి. 13న హిట్లర్ సేనాపతుల్ని పిలిచి దాడి ఆపమన్నాడు. ఒర్యోల్, బెల్గొరోద్ ఆగస్టు 5న, ఖార్కోవ్ 23న రష్యన్ల చేతికొచ్చాయి. రిపేరు కోసం వేచి ఉన్న, లాక్కెళ్లే వీల్లేని ట్యాంకుల్ని జర్మన్లు వెళ్తూ వెళ్తూ తామే పేల్చేసుకున్నారు.

మీ తాతయ్య