గెడ్డని గడ్డ చేసిన సంచిక: ఊరి కవిత్వ పత్రిక మీద అపోహలు - వాస్తవాలు

విజయనగరం నుంచి మూడు నెలలకోసారి చిన్న కవిత్వ పత్రిక తెస్తుంటాం. సంపాదకుణ్ణి నేనే, ప్రూఫులు దిద్దేదీ స్టాంపులు అంటించేదీ నేనే. పెళ్లిళ్లలోనో ఆర్టీసీ కాంప్లెక్సులోనో కనబడినవాళ్లు ఇన్నేళ్లుగా అవే మాటలు అంటున్నారు కాబట్టి ఒకసారి రాసి పడేస్తున్నా.

అపోహ: లోకల్ పత్రికే కదా, పంపినవన్నీ వేసేస్తారు.

మాది డెమీ సైజు, ఫారానికి పదహారు పేజీల చొప్పున మూడు ఫారాలు, అంటే 48 పేజీలు. నలభై తొమ్మిదో పేజీ కావాలంటే ఇంకో ఫారం ఎత్తాలి, దానికి డబ్బుల్లేవు. అందుకే వచ్చినవాటిలో చాలావరకు వెనక్కి పోతాయి. మా పెదనాన్నగారి సీసపద్యాలు రెండుసార్లు తిప్పి పంపితే సంక్రాంతి మూడు రోజులూ ఆయన నాతో మాట్లాడలేదు. రెండో పాదంలో యతి తప్పిందన్నాను, అనకుండా ఉండాల్సింది.

అపోహ: విజయనగరం కవిత్వమంటే గురజాడ.

గురజాడ ఉన్నారు, కాదనేదెవరు? కన్యాశుల్కం 1892లో ఇక్కడే ఆడారు, ముత్యాల సరాలు 1910లో వచ్చాయి. కానీ ఆ కాలంలోనే, ఈ ఊళ్లోనే, ఆదిభట్ల నారాయణదాసుగారు గజ్జెకట్టి హరికథ చెబుతున్నారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలని ఇటు సంస్కృతంలోకీ అటు అచ్చతెలుగులోకీ తెచ్చింది ఆయనే. ఒకాయన వాడుక భాష పట్టుకున్నారు, ఇంకొకాయన అచ్చతెలుగు మాటల మూట విప్పారు, ఊరు ఇద్దరినీ భరించింది. ఆ తర్వాతి తరంలో శ్రీరంగం నారాయణబాబు వచ్చి అధివాస్తవికత (సర్రియలిజం) అన్నారు. ఇన్ని రకాల గొంతులున్న ఊరిని ఒక్క విగ్రహం దగ్గర ఆపేస్తే ఎలా? ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 21 దగ్గర పడేకొద్దీ గురజాడ మీద కవితలు కట్టలుగా వస్తాయి. ఒక్కటీ వేయం. ఆయన మీద గౌరవం ఉండబట్టే.

అపోహ: చందాలతో హాయిగా నడుస్తుంది.

నవ్వొస్తోంది. తర్వాతిది చూద్దాం.

అపోహ: మన యాస నవ్వించడానికే పనికొస్తుంది.

సినిమాలు పెట్టిన జబ్బు ఇది. 'ఏటి' అనగానే కామెడీ పాత్ర గుర్తొస్తే తప్పు ఆ మాటది కాదు. జూట్ మిల్లు మూసేశాక కుట్టుమిషను పెట్టుకున్న ఒకామె మాకు కవిత పంపింది, నోటుపుస్తకం కాగితం మీద రెండు వైపులా రాసి. చోడంబలి (రాగి అంబలి) చెంబుతో తల్లి గెడ్డ దాటుతుంటే నీళ్లు మోకాలికొచ్చాయని, చెంబు నెత్తికెక్కిందని, పిల్ల గట్టు మీదే ఉండిపోయిందని, అంతే కవిత. గెడ్డ అంటే మా వైపు వాగు. డీటీపీ చేసినాయనది వేరే జిల్లా, తప్పనుకుని 'గడ్డ' అని దిద్దేశాడు. నేనూ ప్రూఫులో చూసుకోలేదు, ఆ తప్పు నాదే. అచ్చయ్యాక ఫోనొచ్చింది: "గెడ్డని గడ్డ సేసీసారేటి బాబూ, మా యమ్మ ఏటి దాటిందనుకుంటారు?" అప్పటికి పంచకుండా మిగిలిన ప్రతులన్నీ ముందేసుకుని నల్ల ఇంకు పెన్నుతో, ప్రతిదాంట్లో తలకట్టు మీద ఎత్వం దిద్దాం. రెండు రాత్రులు పట్టింది. 'వాగు' అని మార్చేస్తే పోయేది కదా అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. వాగులో ఆమె తల్లి లేదు.

అపోహ: కాగితం మీద రాస్తేనే కవి.

అలాగైతే జముకు వాయిస్తూ పాడే జముకుల కథ చెప్పేవాళ్లని ఏమనాలి? విప్లవకవి సుబ్బారావు పాణిగ్రాహి ఆ జముకుల కథనే పట్టుకుని శ్రీకాకుళం పల్లెల్ని కదిలించాడు. పార్వతీపురం దగ్గర పుట్టిన వంగపండు పాట ముందు జనం నోళ్లలో తిరిగింది, పుస్తకం సంగతి తర్వాత. మేం ఫోన్లో రికార్డు చేసుకుని, విని రాసుకుని, మళ్లీ వాళ్లకే చదివి వినిపించి వేస్తాం. వేగం తక్కువ, తిట్లు ఎక్కువ ("నానలాగనలేదు" అని).

అపోహ: తెలుగు పత్రికలో తెలుగు కవులే ఉండాలి.

వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తిగారిది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేట. ఆయనే మా కొండల్లోని గిరిజనుల భాష సవర నేర్చుకుని ఆ భాషకి నిఘంటువు చేశారు. మరి మనకేం అడ్డం? ఇచ్ఛాపురం వైపు నుంచి ఒడియా కవితలొస్తాయి, అనువాదంతో వేస్తాం. ఈసారి ఏజెన్సీలో పనిచేసిన ఒక మాస్టారు, ఇప్పుడు మా ఊళ్లోనే ఉంటున్నారు, సవర కవిత ఇచ్చారు, తెలుగు లిపిలో. సవరలో గొంతు దగ్గర టక్కున ఆగి పలికే ధ్వని ఒకటుంది, దానికి మనకి అక్షరం లేదు. ఆయన ఇంటికొచ్చి నాచేత పదిసార్లు పలికించారు, ఒక్కసారీ సరిగ్గా రాలేదు, వాళ్ల చిన్నమ్మాయి పడీపడీ నవ్వింది. చివరికి అక్షరం పక్కన చిన్న నిలువు గీత పెడదామని అనుకున్నాం.

ఫైలు నిన్ననే డీటీపీకి వెళ్లింది. వెళ్లకముందే ఫోన్ చేసి చెప్పాను: ఆ గీత ముద్రారాక్షసం కాదు, తీసేయకు నాయనా.