దేశం మారితే లాప్‌టాప్ కాలిపోతుందా?

పై చదువుకి అమెరికా వెళ్తున్న ఒక పాఠకురాలు అడిగారు: "ఇక్కడ కరెంటు 230 వోల్టులు, అక్కడ 120. ఇక్కడ కొన్న లాప్‌టాప్ అక్కడ పనిచేస్తుందా? వోల్టేజి మార్చే కన్వర్టర్ అనే బరువైన పెట్టె కూడా కొనుక్కోమంటున్నారు. అసలు ఏ లాప్‌టాప్ తీసుకోమంటారు?"

చివరి ప్రశ్న త్వరగా తేల్చేస్తాను. ప్రాసెసరు, ర్యామ్ మీ చదువుని బట్టి ఉంటాయి. వారంటీ వెళ్లే దేశంలో చెల్లుతుందో లేదో కొనకముందే కాగితం మీద చూసుకోండి. నన్ను పట్టుకుని వదలనిది మొదటి ప్రశ్న.

మా మేనమామ ఒకసారి అమెరికా నుంచి ఇస్త్రీపెట్టె తెచ్చారు. 120 వోల్టుల సరుకు. దాన్ని 230కి తగిలించారు. వోల్టేజి ఇంచుమించు రెట్టింపైతే వేడి రెట్టింపుతో ఆగదు, వోల్టేజి వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుంది. ఇక్కడ దాదాపు 3.7 రెట్లు. చొక్కా పోయింది, పెట్టె పోయింది, "పరాయి దేశపు వస్తువు మన కరెంటుకి పడదు" అన్న నమ్మకం మాత్రం ఇంట్లో ఉండిపోయింది.

ఇప్పుడు మీ లాప్‌టాప్ ఛార్జర్ తిరగేయండి. చీమ తలకాయంత అక్షరాల్లో "ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50-60 హెర్ట్జ్" అని ఉంటుంది. హెర్ట్జ్ అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క. ఇస్త్రీపెట్టెకి చేతకానిది దీనికెలా చేతనైంది?

బడిలో మనకి నేర్పింది ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిష్పత్తి: రెండు వైపుల తీగ చుట్లు ఏ నిష్పత్తిలో ఉంటే వోల్టేజీలూ అదే నిష్పత్తిలో ఉంటాయని. బట్టీ పట్టాం, మార్కులు వచ్చాయి. కానీ ఆ లెక్కన 230ని 20 వోల్టులు చేసే ఛార్జర్, 120 ఇస్తే పదికి కాస్త ఎక్కువ ఇచ్చి ఊరుకోవాలి. ఇది మాత్రం ఎక్కడైనా 20 వోల్టులే ఇస్తుంది. పాఠంలో చెప్పకుండా వదిలేసిన కిటుకు ఇక్కడే ఉంది.

ఒక కుళాయి, దాని కింద తొట్టి ఉన్నాయనుకోండి. తొట్టిలోంచి లాప్‌టాప్ ఎడతెగకుండా నీళ్లు తోడుకుంటోంది. అయినా మట్టం గీత దగ్గరే, అంటే 20 వోల్టుల దగ్గరే, నిలబడాలి. ధార ఉరవడిగా వస్తుంటే కుళాయి ఇలా తిప్పి అలా కట్టేస్తాం. సన్నగా వస్తుంటే కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచుతాం. ఛార్జర్ చేసేదంతా ఇదే. గోడలోంచి వచ్చే ఏసీని, అంటే అటూ ఇటూ దిక్కు మార్చుకునే కరెంటుని, ముందు డయోడ్లు ఒకే దిక్కుకి తిప్పుతాయి, కెపాసిటరు దాన్ని నిలవ చేస్తుంది. 230 అనేది ఒక రకం సగటే, ఆ ఏసీ శిఖరం 325 దాకా వెళ్తుంది కాబట్టి అక్కడ నిలవ దాదాపు 325, అమెరికాలో దాదాపు 170. కుళాయి స్థానంలో మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్ ఉంటుంది. అది సెకనుకి సుమారు 65 వేల సార్లు తెరుచుకుని మూసుకుంటుంది, అంటే ఒక్కో విడత 15 మైక్రోసెకన్లు. 325 వోల్టుల దగ్గర అందులో 3 మైక్రోసెకన్లు తెరిస్తే సరిపోతుందనుకుంటే, 170 దగ్గర దాదాపు 6 తెరవాలి.

మరి మట్టం చూసేదెవరు? తొట్టి పక్కన ఒక కాపలావాడున్నాడు. కుళాయి వైపు ప్రాణం తీసే వోల్టేజి, తొట్టి వైపు మన చేతులు. రెంటినీ తీగతో కలపకూడదు, మధ్య అడ్డుగోడ ఉండాలి. అందుకని కాపలావాడు ఆ అడ్డుగోడ ఇవతలి నుంచే దీపం చూపిస్తాడు. మట్టం పెరిగితే వెలుగు పెంచుతాడు, అది చూసి కుళాయివాడు తగ్గిస్తాడు. కథ చెప్పడం లేదు, ఆప్టోకప్లర్ అనే చిన్న చిప్పులో నిజంగానే ఒక ఎల్‌ఈడీ, దానికెదురుగా వెలుగును గుర్తించే ట్రాన్సిస్టర్ ఉంటాయి.

నీళ్లు అడ్డుగోడ దాటించేది మాత్రం ఇక్కడా ట్రాన్స్‌ఫార్మరే. సెకనుకి 50 సార్లు మోసేవాడికి గంగాళం కావాలి, 65 వేల సార్లు మోసేవాడికి ఉగ్గుగిన్నె చాలు. అందుకే కిలోల ఇనుము పోయి అగ్గిపెట్టె సైజు ఫెర్రైట్ (పింగాణీ లాంటి అయస్కాంత పదార్థం) వచ్చింది. ఆ వేగానికి ఇనుములో సుడి కరెంట్లు పుట్టి అది మాడిపోతుంది, ఫెర్రైట్‌కి ఆ బాధ చాలా తక్కువ. సిలికాన్ బదులు గాలియం నైట్రైడ్‌తో చేసిన ట్రాన్సిస్టర్లు వాడే ఛార్జర్లు ఇంకా వేగంగా తెరిచి మూస్తాయి కాబట్టి గిన్నె ఇంకా చిన్నదవుతుంది.

ఛార్జర్‌కి అసలు పరీక్ష అమెరికా కాదు, టోక్యో. జపాన్‌లో 100 వోల్టులే. పైగా తూర్పున 50 హెర్ట్జ్, పడమర 60. 19వ శతాబ్దం చివర టోక్యో జర్మనీ జనరేటర్లు, ఒసాకా అమెరికా జనరేటర్లు కొన్నాయి, ఆ తేడా నేటికీ తీరలేదు. టోక్యోలో శిఖరం 141 వోల్టులే, శిఖరానికీ శిఖరానికీ మధ్య ఎడం కూడా ఎక్కువ, అంతసేపూ కెపాసిటరే బండి లాగాలి. అదే పవరుకి కరెంటు రెట్టింపు పైగా లాగాలి కాబట్టి డబ్బా కాస్త వేడెక్కుతుంది కూడా. అక్కడే గట్టెక్కే ఛార్జర్‌కి అమెరికాలో భయమేంటి? కన్వర్టర్ పెట్టె బరువంతా లోపలి ఇనుప ట్రాన్స్‌ఫార్మర్‌దే. మీ ఛార్జర్ వదిలించుకున్న బరువుని మీరు మళ్లీ మోయకండి.

విమానం సంగతి. బ్యాటరీ మీద వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి: 11.4 ఇంటూ 5 అంటే 57. 100 దాటనంతవరకు ఎవరినీ అడగక్కర్లేదు, 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి, ఆపైన ప్రయాణికులు తీసుకెళ్లడానికి వీల్లేదు. పెద్ద లాప్‌టాప్‌ల బ్యాటరీలు 99 పాయింట్ ఎంతో దగ్గర ఆగిపోవడానికి ఇదే కారణం. పవర్ బ్యాంకు మాత్రం చెకిన్ సామానులో వేయకండి, చేతిసంచిలోనే ఉండాలి.

ఇక ఒక చిన్న కితకిత. మూడు పిన్నుల ఛార్జర్‌ని రెండు పిన్నుల ట్రావెల్ అడాప్టర్‌కి తగిలిస్తే, లాప్‌టాప్ లోహపు మూత మీద వేలు జరిపినప్పుడు చిమచిమలాడుతుంది. కుళాయి అంత వేగంగా కొట్టుకోవడం వల్ల కరెంటులో పుట్టే రొదని అణచడానికి ఆ అడ్డుగోడకి అటూ ఇటూ కలుపుతూ ఒక బుల్లి కెపాసిటరు వేస్తారు. అందులోంచి మిల్లీయాంపియరులో చిన్న భాగం కారుతుంది. ఎర్త్ ఉంటే అటు పోతుంది, లేకపోతే మీ వేలిలోంచి పోతుంది. ఛార్జర్ మంచిదైతే దానివల్ల ప్రమాదం లేదు, చిరాకే. చాలా ఛార్జర్లకి గోడ వైపు తీగ ఊడి వస్తుంది. అక్కడికి వెళ్లాక అదే మూతి ఉన్న, అక్కడి ప్లగ్గుతో వచ్చే మూడు పిన్నుల తీగ ఒక్కటి కొనుక్కోండి.